అంతకుముందు ఆ పని ఎవరు చూసేవారు? 38 ఏళ్ల టీచరుగారిలో ఏడీహెచ్‌డీ నిర్ధారణ: ఒక కేస్ స్టడీ

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, నిలకడలేమి, తొందరపాటు ఉండే సమస్య. ఈ కేసు ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, కుటుంబ వివరాలు, కొన్ని సంఘటనల వరస మార్చాను. పేరు రాయడం లేదు. మా క్లినిక్‌లో అందరం "టీచరుగారు" అనే పిలుస్తాం, ఇక్కడా అలాగే పిలుస్తాను.

ఏడు మెమోలు

ఆమె కోస్తాలో ఒక ప్రైమరీ స్కూలుకి హెచ్‌ఎం. మా క్లినిక్‌కి 60 కిలోమీటర్ల దూరం. రెండోసారి నా దగ్గరికి వచ్చిన రోజున చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులోంచి ఏడు మెమోలు తీసి బల్ల మీద పరిచారు. "మీరే చదవండి మేడమ్, నేను చెబితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లిపోతాను" అన్నారు.

మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించలేదని రెండు. మరుగుదొడ్ల ఫొటోలు అప్‌లోడ్ కాలేదని ఒకటి. పరీక్షల మార్కుల నమోదు గడువు దాటిందని మూడు. స్కూలు గ్రాంటు ఖర్చుల లెక్క రెండుసార్లు అడిగినా ఇవ్వలేదని చివరిది. డబ్బులో రూపాయి తేడా లేదు. బిల్లులే హ్యాండ్‌బ్యాగులో కొన్ని, స్కూలు బీరువాలో కొన్ని, ఇంట్లో బియ్యం డబ్బా మీద కొన్ని దొరికాయి. ఏడు మెమోల్లోనూ ఒక మాట ఉంది: "నిర్లక్ష్యం".

"పాఠం చెప్పమనండి, పొద్దుగూకేదాకా చెబుతాను. ఆ ఎంట్రీ అయిదు నిమిషాల పని. దానికోసం ఫోన్ తీస్తాను, ఈలోగా ఎవరో పిల్లాడు పడ్డాడంటారు, వెళ్తాను, ఇక ఫోన్ ఎందుకు తీశానో గుర్తుండదు. సాయంత్రం గుర్తొస్తుంది. అప్పటికి యాప్ మూసుకుపోయి ఉంటుంది. రాత్రంతా దాని గురించే బాధపడతాను. మర్నాడు మళ్లీ అంతే."

ఈ మాటలు ఆమె చెప్పినట్టే కేస్ షీట్‌లో రాసుకున్నాను.

ఏడాదిన్నర కిందట నేను రాసిన చీటీ

రెండోసారి అన్నాను కదా. మొదటిసారి ఏడాదిన్నర కిందట వచ్చారు. ఏడుపు, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో ఓపిక లేకపోవడం, "నేను ఈ ఉద్యోగానికి పనికిరాను" అన్న ఆలోచన. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 16 వచ్చింది. ఎప్పటి నుంచి అని అడిగితే, "ప్రమోషన్ వచ్చిన దగ్గర్నుంచి" అన్నారు. డిప్రెషన్ అని రాసి, ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను.

అది పూర్తిగా తప్పు కాదు. డిప్రెషన్ నిజంగానే ఉంది. మూడు నెలల్లో స్కోరు 6కి దిగింది, ఏడుపు తగ్గింది, నిద్ర పట్టింది. నా లెక్కలో ఆమె బాగుపడ్డారు. కానీ మెమోలు ఆగలేదు. "మనసు బాగానే ఉంది, పని మాత్రం కదలడం లేదు మేడమ్" అని అప్పుడే ఒక విజిట్‌లో అన్నారు. ఆ వాక్యం నా చేతిరాతలోనే ఉంది. దాని కింద నేను "పని ఒత్తిడి" అని రాసి వదిలేశాను. ఏడో నెలలో ఆమె మందు మానేసి, రావడమూ మానేశారు.

ఇప్పుడు చూస్తే నా పొరపాటు ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. "ఎప్పటి నుంచి?" అని అడిగితే మనిషి తన బాధ మొదలైన తేదీ చెబుతాడు. లక్షణం మొదలైన తేదీ వేరు కావచ్చు. ఈ రెండింటి మధ్య ఎన్నో ఏళ్ల దూరం ఉండవచ్చు. ఆ ఏళ్లన్నీ ఎవరో ఒకరు పక్కన నిలబడి మోస్తూ ఉంటారు.

ఆసరాల పట్టిక

ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక కొత్తగా పుట్టుకొచ్చేది కాదు. మెదడు ఎదుగుదలకు సంబంధించినది, చిన్నప్పటి నుంచీ ఉండేది. 2013లో వచ్చిన, మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకమైన డీఎస్‌ఎం-5 ప్రకారం 12 ఏళ్ల లోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. అంతకుముందు ఈ హద్దు 7 ఏళ్లుగా ఉండేది. 17 ఏళ్లు నిండినవారికి ధ్యాసకు సంబంధించిన తొమ్మిదింటిలో కనీసం అయిదు, లేదా నిలకడలేమి, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదింటిలో కనీసం అయిదు ఉండాలి. ఇల్లు, ఉద్యోగం వంటి రెండు చోట్లయినా కనిపించాలి, బతుకుని నిజంగా దెబ్బతీస్తూ ఉండాలి, ఇంకో జబ్బుతో వాటిని ఇంతకన్నా బాగా వివరించే వీలు ఉండకూడదు.

అందుకని ఈసారి ఆమెతో ఒక పట్టిక వేశాను. ఎడమవైపు వయసు, కుడివైపు ఒకే ప్రశ్న: ఆ రోజుల్లో మీ పనులు ఎవరు చూసేవారు?

పదోతరగతి దాకా అమ్మ. ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీ: తెల్లవారుజామున అయిదింటికి గంట, స్టడీ అవర్లో వెనక వార్డెన్, వారం వారం పరీక్ష. అక్కడ ఏం చదవాలో, ఎప్పుడు చదవాలో తనకు తానుగా నిర్ణయించుకోవాల్సిన పనే లేదు. ఆ రెండేళ్లూ ఆమె మార్కులు చాలా బాగున్నాయి. తర్వాత టీచర్ ట్రైనింగ్, డీఎస్సీ. డీఎస్సీకి ఒంటరిగా ఒక్క పేజీ చదవలేకపోయారట. ఒక స్నేహితురాలు రోజూ ఇంటికి వచ్చి పక్కన కూర్చుని తన పుస్తకం తాను చదువుకునేది, ఆమె పక్కన ఉంటే ఈమెకు చదువు సాగేది. అదే సమయంలో దూరవిద్యలో కట్టిన డిగ్రీ, పక్కన ఎవరూ లేక, మూడేళ్లది ఆరేళ్లు పట్టింది.

పెళ్లయ్యాక భర్త. కరెంటు బిల్లు, బ్యాంకు, పాప టీకాలు, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆయనవే. స్కూల్లో ఒక సీనియర్ టీచరు. "నువ్వు పిల్లల్ని చూసుకో అమ్మాయ్, రిజిస్టర్లు నేను చూస్తా" అన్నారట ఆవిడ. పదేళ్లు అలా గడిచాయి.

ఒకే వేసవిలో మూడు జరిగాయి. ఆ సీనియర్ టీచరు రిటైరయ్యారు. భర్తకు వేరే జిల్లాకు బదిలీ అయింది. ఈమెకు హెచ్‌ఎంగా ప్రమోషన్ వచ్చింది, వేరే ఊళ్లో. ఏడాదిన్నర కిందటి నా షీట్‌లో భర్త బదిలీ "ఎడబాటు" అని ఉంది. నిజమే, ఎడబాటే. దానితోపాటు ఇంటి లెక్కలన్నీ మోస్తున్న చెయ్యి కూడా వెళ్లిపోయిందని నేను చూడలేదు.

అమ్మ చెప్పిన బాల్యం

పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ చూసేటప్పుడు నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. తన ఎనిమిదో ఏట ఎలా ఉండేదో ఎవరికైనా సరిగ్గా గుర్తుండదు. గుర్తున్నా, ఇప్పటి బాధ రంగు దానికి అంటుకుంటుంది. చూసినవాళ్లు చెప్పాలి.

టీచరుగారి అమ్మగారికి 64 ఏళ్లు. మొదటి పావుగంట నాకు ఏమీ దొరకలేదు. "మా పిల్ల బంగారం డాక్టరమ్మా. బళ్లో ఫస్టు. ఎవరినీ ఒక్క మాట అనేది కాదు." ఏ తల్లయినా అలాగే చెబుతుంది. కూతురి మీద పిచ్చి డాక్టరు ఫిర్యాదు రాబట్టాలని చూస్తోందనుకుంటే ఇంకా గట్టిగా చెబుతుంది. "శ్రద్ధ ఉండేదా?", "మతిమరుపా?" వంటి ప్రశ్నలకు మన ఇళ్లలో "పిల్లలన్నాక అంతే కదమ్మా" అన్నదే జవాబు. కాబట్టి అలా అడగడం మానేసి, పనుల గురించి అడిగాను.

"బడికి వెళ్లేటప్పుడు పుస్తకాల సంచి ఎవరు సర్దేవారమ్మా?"

"నేనే."

"ఏ క్లాసు దాకా?"

ఆవిడ కూతురి వైపు చూశారు. "టెన్త్ పబ్లిక్ పరీక్షల్లో హాల్‌టికెట్ నేనే పట్టుకుని వెళ్లి గేటు దగ్గర ఇచ్చేదాన్ని."

అక్కడి నుంచి వరసగా వచ్చాయి. బంగారు కమ్మలు మూడుసార్లు పోగొట్టింది. మూడోసారి తర్వాత తండ్రి కోప్పడితే గిల్టువి కొనిచ్చారు. చింతపండుకి కొట్టుకు పంపితే దారిలో గంగిరెద్దులవాడి వెంట రెండు వీధులు తిరిగి, డబ్బులూ చింతపండూ లేకుండా ఇంటికి వచ్చింది. పొయ్యి మీద పాలు చూడమంటే ఎదురుగా నిలబడే పొంగించేది. మాట్లాడ్డం మొదలుపెడితే వసపిట్టే, ఎదుటివాళ్లు సగం చెప్పేలోగా జవాబు చెప్పేసేది. నాలుగో తరగతిలో మాస్టారు తన కుర్చీ పక్కనే కింద కూర్చోబెట్టుకునేవారు. తమ్ముడికి ఇవేవీ లేవు. అది నేను విడిగా అడిగాను, పోల్చుకోవడానికి ఒకే ఇంట్లో పెరిగిన ఇంకో బిడ్డ ఉండటం మాకు చాలా ఉపయోగం.

తర్వాతి విజిట్‌కి ఆవిడ ట్రంకుపెట్టెలోంచి నాలుగో తరగతి ప్రోగ్రెస్ కార్డు తీసుకొచ్చారు. లెక్కలు, తెలుగు మంచి మార్కులు. అడుగున మాస్టారి ఎర్ర సిరా: "తెలివి ఉంది. నిర్లక్ష్యం ఎక్కువ."

టీచరుగారు ఆ కార్డు చేతిలోకి తీసుకుని, ప్లాస్టిక్ కవరులోంచి ఒక మెమో బయటికి లాగి దాని పక్కన పెట్టారు. ఏమీ అనలేదు.

ప్రశ్నావళులు, పరీక్షలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో తయారైన ఏఎస్‌ఆర్‌ఎస్ అనే ప్రశ్నావళిలో 18 ప్రశ్నలు ఉంటాయి. మొదటి ఆరు ప్రశ్నల్లో కనీసం నాలుగింటికి జవాబు నిర్ణీత గీత దాటితే లోతుగా చూడాలని అర్థం. ఆమెకు అయిదు దాటాయి. ఇప్పుడు ఫోన్లో ఇలాంటివి నింపి "నాకు 5 వచ్చింది, ఏడీహెచ్‌డీ ఉన్నట్టే కదా" అని వచ్చేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటున్నారు. రాకూడదని నేను అనను. కానీ దిగులు, ఆందోళన, నిద్రలేమి ఏది ఉన్నా ఆ గీత దాటుతుంది. అది వడపోత మాత్రమే.

ఇంగ్లీషు ప్రశ్నను తెలుగులోకి మార్చి అడిగితే చాలదని కూడా చెప్పాలి. మొదటి ప్రశ్న పనిలో కష్టమైన భాగం అయిపోయాక చివరి చిన్న పనులు ముగించడం గురించి. అలాగే అడిగితే ఆమె "ఎప్పుడో ఒకసారి" అన్నారు. "పేపర్లు దిద్దాక మార్కులు రిజిస్టర్లోకి ఎక్కించడం ఎలా ఉంటుంది?" అంటే, దిద్దిన పేపర్ల కట్ట రెండు నెలలుగా స్కూటీ డిక్కీలో ఉందని చెప్పారు. కూర్చున్నచోట కాళ్లూ చేతులూ కదపడం గురించి ఇంకో ప్రశ్న. "లేదు" అన్నారు. కాళ్లు ఊపితే అరిష్టమని చిన్నప్పుడే తిట్టి మాన్పిస్తారు మన ఇళ్లలో. నాతో మాట్లాడిన గంటసేపూ ఆమె కొంగు చివర చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి నలిపేశారు.

అసలు పని డీవా-5 అనే ఇంటర్వ్యూది. నెదర్లాండ్స్‌లో తయారైన పద్ధతి. డీఎస్‌ఎం-5లోని 18 లక్షణాలు ఒక్కొక్కటీ ఇప్పుడెలా ఉంది, చిన్నప్పుడెలా ఉండేది అని ఉదాహరణలతో అడుగుతారు. మా క్లినికల్ సైకాలజిస్టు రెండు విడతల్లో చేశారు. ధ్యాసకు సంబంధించినవి ఇప్పుడు ఎనిమిది, బాల్యంలో ఏడు. నిలకడలేమికి సంబంధించినవి ఇప్పుడు నాలుగు, బాల్యంలో అయిదు.

భర్త ఫోన్ చేసి, "మెదడు స్కాన్ ఏమైనా తీయించాలా మేడమ్, ఎంతైనా పరవాలేదు" అన్నారు. అవసరం లేదని చెప్పాను. ఎంఆర్‌ఐతోగానీ ఈఈజీతోగానీ ఏడీహెచ్‌డీ నిర్ధారణ కాదు. కంప్యూటర్ మీద చేసే ధ్యాస పరీక్ష కూడా తేల్చదు. టీచరుగారు అది చక్కగా చేశారు. కొత్త పని, నిశ్శబ్దమైన గది, పక్కన ఒక మనిషి. ఆమెకు ఎప్పుడూ పని జరిగేది సరిగ్గా అలాంటి చోటే.

కాదనడానికి ఏమున్నాయి

హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ బాగా తక్కువ. మన దగ్గర ఆడవాళ్లలో ఇది ఎంత మామూలో డాక్టర్లందరికీ తెలుసు, అయినా మనసు డాక్టరు దగ్గరికి వచ్చాక ఎవరూ చూడరు. మొదటిసారి నేనూ చూడలేదు. రక్తం తక్కువైతే నీరసం, ధ్యాస నిలవకపోవడం వాటంతటవే వస్తాయి. అందుకని నిర్ధారణ మాట రాయకుండా మూడు నెలలు ఆగి ఐరన్ ఇచ్చాం. హిమోగ్లోబిన్ 12 దాటింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది, మధ్యాహ్నం కళ్లు మూతలు పడటం తగ్గింది. మరుపు అలాగే ఉంది. ఆ మూడు నెలల్లో ఇంకో మెమో వచ్చింది.

థైరాయిడ్ మామూలుగా ఉంది. గురక లేదు. ఉత్సాహం, దిగులు మితిమీరి మారే బైపోలార్ జబ్బు గురించి అమ్మనూ భర్తనూ వేర్వేరుగా అడిగాను. అది విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో మనిషి వేరేగా ఉంటారు. ఈమెలో ఉన్నది నాలుగో తరగతి నుంచీ ఒకే తీరుగా ఉంది. డిప్రెషన్ సంగతి నా పాత చికిత్సే తేల్చింది: దిగులు పోయాక కూడా పని కదల్లేదు. ఇంట్లో హింసగానీ, భయపెట్టే సంఘటనలుగానీ ఉన్నాయా అని ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను, లేవన్నారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది టీచరుగా ఆమెకున్న మంచి పేరు. పద్నాలుగేళ్లు తరగతిలో అంత బాగా పాఠం చెప్పినామెకు ధ్యాస లోపం ఉంటుందా? ఒక శనివారం ఆమె పంపిన చిన్న వీడియో చూశాను. రెండో తరగతి పిల్లలు, కూడికలు, చింతగింజలు. ముప్ఫై మందిలో ఎవరు దిక్కులు చూస్తున్నారో ఆమె కంటికి క్షణంలో అందుతోంది. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ధ్యాసే ఉండదని కాదు. కొత్తగా, ఆసక్తిగా, వెంటనే ఫలితం కనిపించే చోట అది పుష్కలంగా ఉంటుంది. నిస్సారంగా, ఎవరూ చూడని చోట, ఫలితం రేపెప్పుడో వచ్చే పనిలో దాన్ని తమంతట తాము నిలపలేరు. తరగతి గది మొదటి రకం, రిజిస్టరు రెండో రకం. ప్రమోషన్ ఆమెను మొదటిదాంట్లోంచి తీసి రెండోదాంట్లో పెట్టింది.

చెప్పిన రోజు

ఏడీహెచ్‌డీ, ప్రధానంగా ధ్యాస లోపం ఉన్న రకం అని రాశాను. పెద్దవాళ్లలో నూటికి సుమారు ఇద్దరు ముగ్గురిలో ఉంటుందని, బద్ధకానికీ తెలివితక్కువకీ దీనితో సంబంధం లేదని చెప్పాను. ఆమె మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి: "ఈ కాగితం ఆఫీసులో ఇవ్వాలా?" ఇవ్వక్కర్లేదు. ఇచ్చినా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు, కాబట్టి ఆ పేరుతో వైకల్య సర్టిఫికెట్ రాదు. ఉండి ఉంటే బాగుండేదని నా గట్టి అభిప్రాయం. సర్టిఫికెట్ లేకుండా ఒక హెచ్‌ఎం తన పైఅధికారికి చెప్పుకోవడం ఎంత కష్టమో ఆ రోజు ఆమె ముఖంలో చూశాను.

అమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నేను సంచి సర్దకుండా ఉంటే అప్పుడే బయటపడేదా తల్లీ?" అన్నారు. బయటపడేదేమో. కానీ తొంభైల్లో మీ ఊళ్లో దాన్ని గుర్తుపట్టే మనిషి ఎవరుండేవారమ్మా, బడి మాన్పించి ఉండేవాళ్లు అన్నాను. ఆవిడ తల ఊపారుగానీ ఒప్పుకున్నట్టు నాకు అనిపించలేదు.

మందు, దాని చుట్టూ ఉన్నవి

తండ్రికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. అందుకని ఈసీజీ తీయించి, ఫిజీషియన్ చూసి సరేనన్నాకే ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మందు మొదలుపెట్టాం. 5 మిల్లీగ్రాములు పొద్దున, మధ్యాహ్నం. తర్వాత 10 చొప్పున. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్నది. ప్రిస్క్రిప్షన్ రెండు ప్రతులు రాయాలి, ఒకటి మందుల షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్లోనో వీడియోలోనో చూసి దీన్ని రాయకూడదు. ఆమె ఊళ్లో ఏ షాపులోనూ దొరకదు. కాబట్టి నెలకొక క్యాజువల్ లీవు పెట్టి 60 కిలోమీటర్లు రావాలి. తేదీలు గుర్తుండకపోవడమే జబ్బైన మనిషికి ఇది చిన్న విషయం కాదు. ముందురోజు మా రిసెప్షన్ నుంచి ఫోన్ వెళ్లేలా ఏర్పాటు చేశాం.

రెండో నెలలో రెండున్నర కిలోల బరువు తగ్గారు. పిల్లలకు వడ్డించే ముందు మధ్యాహ్న భోజనం టీచర్లు రుచి చూడాలి కదా. "పప్పు నోట్లో పెట్టుకోబుద్ధి కావట్లేదు మేడమ్, ఉప్పు సరిపోయిందో లేదో వంటమ్మనే అడుగుతున్నా" అన్నారు. మధ్యాహ్నం మోతాదు సగం చేసి, భోజనం అయ్యాకే వేసుకోమన్నాను. ఆకలి కొంత తిరిగొచ్చింది. బీపీ, నాడి ప్రతి విజిట్‌లో చూస్తున్నాం, పరవాలేదు.

మందు ఏం చేసిందని అడిగితే, "ఫోన్ ఎందుకు తీశానో ఇప్పుడు గుర్తుంటోంది" అన్నారు. అంతవరకే చేస్తుంది. రిజిస్టరు దానంతటది నిండదు. అందుకని పాత పట్టిక మళ్లీ బయటికి తీసి, పోయిన ఆసరాలను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టడం మొదలుపెట్టాం, ఈసారి తెలిసి, అడిగి. యాప్ ఎంట్రీలకు రోజూ ఒకటే సమయం, పక్కన ఇంకో టీచరు కూర్చుంటారు. ఆవిడకు కష్టమైన డ్రాయింగ్ చార్టులు ఈమె వేసిపెడతారు. బిల్లు చేతికి రాగానే అక్కడే ఫొటో తీసి భర్తకు వాట్సాప్. ఆదివారం రాత్రి వీడియో కాల్‌లో ఇద్దరూ లెక్క రాసుకుంటారు. దిద్దిన పేపర్లు మార్కులు ఎక్కించకుండా స్కూలు గేటు దాటకూడదు. ఇది మొదటి నెల నాలుగుసార్లు తప్పారు, మూడో నెల ఒకసారి.

ఆరు నెలలకు

మెమో ఒకటి వచ్చింది, గడువు ఒకరోజు దాటినందుకు. పీహెచ్‌క్యూ-9 స్కోరు 4. స్కూటీ తాళం రెండుసార్లు పోయింది. జనవరిలో రెండు వారాలు మందు అయిపోయి, రావడం కుదరక, మళ్లీ పాత పరిస్థితికి దగ్గరగా వెళ్లారు. ఆ రెండు వారాల్లో కూడా వీడియో కాల్ మాత్రం ఆగలేదు. పాపకు పదేళ్లు. దానికీ వస్తుందా అని అడిగారు. వంశపారంపర్యం బలంగా ఉన్న జబ్బే, కానీ పాపకు బళ్లోగానీ ఇంట్లోగానీ ఇబ్బంది ఏమీ లేదు కాబట్టి ఇప్పుడు పరీక్షలు అక్కర్లేదన్నాను. తన సంచి తానే సర్దుకుంటోందా అని మాత్రం అడిగాను. టీచరుగారు కాసేపు ఆలోచించి, "అమ్మమ్మ సర్దుతోంది" అన్నారు.

వచ్చే విజిట్‌లో చూడాల్సినవి: బరువు, బీపీ, ఫెరిటిన్ మళ్లీ ఒకసారి. రోజుకొక్కసారి వేసుకునే, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రకు మారడం. పాప సంచి నెలపాటు పాపే సర్దుకుంటే ఏం జరుగుతుందో అమ్మమ్మ రాసి తెస్తానన్నారు.